గణనము, గాయము, ఔషధము



డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారిని స్మరించుటకై పుదుచ్చేరిలో సమావేశమైన ఈ తెలుగు సభలో ప్రసంగింప నన్ను నియోగించిన మీ సౌహార్దమునకు కృతజ్ఞుడను. 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించి, రాజమహేంద్రవరమునను చెన్నపట్టణమునను విద్య నభ్యసించి, సముద్రము దాటి అమెరికా చేరి, మరల మాతృదేశమును కంటితో చూడకయే 1948 ఆగస్టులో, 53 ఏండ్ల ప్రాయమున గతించిన ఆ మహనీయునకును ఈ పట్టణమునకును గల బంధుత్వము ఆయన ఔషధముచే కలిగినది. పుదుచ్చేరి చిరకాలము బోదకాలు వ్యాధికి నెలవైన యూరు. రోగములను మోయు దోమలను అరికట్టు ఉపాయములను శోధించుటకై భారత వైద్య పరిశోధన మండలివారు 1975లో ఒక కేంద్రమును ఇచ్చటనే నెలకొల్పిరి. ఆ బోదకాలు క్రిములపై నేటికిని లోకమున ప్రయోగింపబడుచున్న ముఖ్యౌషధము డైఈథైల్ కార్బమజీను 1947లో లెడర్లీ ప్రయోగశాలనుండి వెలువడినది. ఆ ప్రయోగశాలలో పరిశోధనలను నడిపిన నాయకుడు మన సుబ్బారావుగారు. గోదావరి పాయ యొడ్డున నున్న యానాము ఈ కేంద్రపాలిత ప్రాంతములోని తెలుగుగడ్డ కాగా, భీమవరమును ఆ గోదావరి నీటనే పండు నేల యగుటచే, ఆయనను మనవాడని చెప్పుకొనుటకు మనకు రెండింతల హక్కు కలదు.

సూక్ష్మజీవులను సంహరించుచు గాయములను మాన్పు పెప్టైడులను గణన పద్ధతులచే అన్వేషించు నూతన శాస్త్రము నేటి నా ప్రసంగమునకు విషయము. ఇందు నేను చెప్పదలచిన మాట యొక్కటే. గణనము ఔషధమును ఎన్నుకొనుటకు తోడ్పడును గాని, అది ఔషధమా కాదా యని తేల్చునది రోగి గాయమే. ఆ గాయము ఇచ్చిన ప్రతికూలమైన తీర్పులను కూడ మనము దాచక వ్రాసిపెట్టిననే గాని గణనము ముందునకు సాగదు.

సుబ్బారావుగారి కడపటి దినములలో లెడర్లీవారు లోకమునకు అందించిన మరియొక మహౌషధము ఆరియోమైసిను. వయోవృద్ధుడైన వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ డగ్గరు నానాప్రాంతముల మట్టిని తెప్పించి పరీక్షించుచుండగా, మిస్సోరీ రాష్ట్రపు పొలములోని మట్టిలో నొక సూక్ష్మజీవి బంగారు వన్నె గల ద్రవ్యమును స్రవించుట కనబడెను. టెట్రాసైక్లినుల కుటుంబమునకు అదియే ఆదిపురుషుడు. అప్పటినుండి రెండు దశాబ్దములు లోకమున అంటురోగముల భయము తీరిపోయినట్లే తోచినది. కాని మనము మందును కనుగొన్నంత వేగముగా బాక్టీరియాలు దానిని తట్టుకొను ఉపాయములను కనుగొన్నవి. 2019 సంవత్సరములో ఔషధములకు లొంగని బాక్టీరియాలే నేరుగా కారణమై సుమారు 12 లక్షల 70 వేలమంది మరణించిరనియు, అట్టి బాక్టీరియాలకు ఏదో యొక సంబంధము గల మరణములు 49 లక్షల 50 వేలనియు 2022లో ప్రకటింపబడిన ప్రపంచ పరిశీలన తెలుపుచున్నది.

ఈ సంఖ్యలు దూరదేశములవి యని మనము ఉపేక్షింపరాదు. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలివారి మధుమేహ సర్వేక్షణమును చూడుడు: దేశమంతటి వయోజనులలో మధుమేహులు నూటికి 11.4 వంతు కాగా, పుదుచ్చేరిలో 26.3 వంతు. గోవా యొక్కటి మాత్రమే మనకంటె వెంట్రుకవాసి ముందున్నది. నలుగురిలో నొకరికి చక్కెరవ్యాధి యున్న యూరిలో పాదముల పుండ్లు ఎంతటి సమస్యయో వైద్యులకు నేను చెప్పనక్కరలేదు. నరములు మొద్దుబారుటచే ముల్లు గ్రుచ్చుకొన్నను రోగికి తెలియదు. రక్తప్రసారము సన్నగిలుటచే పుండు మానదు. మానని పుండులో బాక్టీరియాలు జిగురుపొర కట్టుకొని, దాని చాటున నుండి, నోటను సూదినను ఇచ్చు మందులకు అందక కాపురముండును. తుదకు వ్రేలో, పాదమో, మోకాలి క్రిందిభాగమో తొలగింపవలసి వచ్చును. 1823లో ఫ్రెంచివారు నెలకొల్పిన వైద్యపాఠశాల పరంపరనుండి పుట్టి 1964లో నేటి నామమును ధరించిన జిప్మెరు ఆసుపత్రి గోరిమేడులో నున్నది. అట్టి పెద్దాసుపత్రులలో కట్టు కట్టు గదుల ముందర కూర్చుండు రోగుల పాదములే నా ప్రసంగమునకు నిజమైన ఆరంభస్థానము.

అమైనో ఆమ్లములు గొలుసుగా కూడిన చిన్న అణువునకు పెప్టైడని పేరు; ఆ గొలుసు మిక్కిలి పొడవై ముడుతలు పడిన యెడల ప్రోటీను. సూక్ష్మజీవులను చంపు పెప్టైడులు గలవని 1939లో రెనే దుబో మట్టి బాక్టీరియానుండి గ్రామిసిడినును వేరుచేసినప్పుడే తెలిసినది. 1942లో సోవియట్ శాస్త్రజ్ఞులు గౌజే, బ్రాజ్నికోవా అను దంపతులు గ్రామిసిడిన్-ఎస్ అను దానిని కనుగొనగా, అది యుద్ధకాలపు సైనికాసుపత్రులలో క్షతములపై పూయబడినది. ఇవి సూక్ష్మజీవులు తమలో తాము పోరాడుటకు చేసికొన్న ఆయుధములు. జంతువులు సైతము ఇట్టి ఆయుధములను ధరించునని స్థిరపడుటకు 1981 రావలసి వచ్చెను. ఆ యేట స్వీడనులో హాన్స్ బోమను బృందము, బాక్టీరియాలను ఎక్కించిన పట్టుపురుగు జాతి ప్యూపాలనుండి సెక్రోపినులను వేరుచేసినది. 1987లో అమెరికాలో మైకేల్ జాస్లాఫు, శస్త్రము చేసి అపరిశుభ్రమైన నీటితొట్టిలో విడిచిన ఆఫ్రికా కప్పలకు కోతలు చీము పట్టక మానుచుండుట గమనించి, ఆ కప్పల చర్మమునుండి మగైనినులను వెలికి దీసెను.

ఈ చరిత్రలో హైదరాబాదునకు గల స్థానమును మన తెలుగువారే అంతగా స్మరింపరు. సెక్రోపినులకంటె రెండేండ్లు ముందుగా, 1979లో, ఇ. ఎస్. పి. రెడ్డి, పుష్పమిత్ర భార్గవ అను శాస్త్రజ్ఞులు ఎద్దుల వీర్యద్రవములో సూక్ష్మజీవులను అణచు ప్రోటీను నొకదానిని కనుగొని, సెమినల్ ప్లాస్మిను అని పేరిడి, 'నేచర్' పత్రికలో ప్రకటించిరి. భార్గవగారు నాయకులై తీర్చిదిద్దిన కణ, అణుజీవశాస్త్ర కేంద్రము 1977లో ఏర్పడి అప్పటికింకను శైశవమున నుండెను. సెమినల్ ప్లాస్మినులో నున్నవి కేవలము 47 అమైనో ఆమ్లములు. కావున నేటి పరిభాషలో నది పెప్టైడే యనవచ్చును.

ఇట్టి పెప్టైడులు మన కణములను విడిచి బాక్టీరియాలను మాత్రమే ఎట్లు పోల్చుకొనును? బాక్టీరియా కణపు పొర వెలుపలి ముఖము ఋణావేశము గల కొవ్వులతో నిండియుండును. మన కణముల పొర వెలుపలి ముఖమునందు అట్టి ఆవేశము దాదాపు లేదు, పైపెచ్చు కొలెస్టరాలు దానికి దార్ఢ్యము నిచ్చుచున్నది. ఈ పెప్టైడులలో లైసీను, ఆర్జినీను అను ధనావేశపు అమైనో ఆమ్లములు అధికముగా నుండుటచే అవి బాక్టీరియాపై వ్రాలును. వ్రాలిన పిదప పెక్కు పెప్టైడులు మరచుట్టు ఆకృతిని దాల్చును. అప్పుడు ఆ చుట్టకు ఒకవైపున నీటిని ప్రేమించు భాగములును, రెండవ వైపున కొవ్వును ప్రేమించు భాగములును చేరును. కొవ్వును ప్రేమించు వైపు పొరలోనికి దిగబడి, పొరకు రంధ్రములు చేయుటయో, దానిని చీల్చుటయో జరుగును. సామాన్యమైన యాంటీబయాటిక్కు ఎంజైమువంటి ఒక్క లక్ష్యమును పట్టుకొని పోరాడును గనుక ఆ లక్ష్యము రూపు మారినచో ఓడిపోవును. పొరనే మార్చుకొనుట బాక్టీరియాకు అంత సులభము కాదు. ఈ పెప్టైడులపై ఆశ పుట్టుటకు మూలకారణమిదియే.

గణనము ఈ కథలో ప్రవేశించిన తీరునకు ఉదాహరణమును వెదకుచు మనము పరదేశములకు పోనక్కరలేదు. హైదరాబాదు కేంద్రములోనే ఎన్. సీతారామ్, ఆర్. నాగరాజ్ గారలు సెమినల్ ప్లాస్మినులోని 47 అమైనో ఆమ్లముల వరుసలో ఏ భాగము నీటిని ప్రేమించును, ఏ భాగము కొవ్వును ప్రేమించును అని లెక్కగట్టి, కొవ్వు పక్షపాతము హెచ్చుగా గల 13 అమైనో ఆమ్లముల ముక్కను గుర్తించి, ఆ ముక్కను మాత్రమే ప్రయోగశాలలో నిర్మించి పరీక్షించిరి. 1990లో ప్రకటింపబడిన ఫలితము మిక్కిలి బోధకరము. ఆ చిన్న ముక్క బాక్టీరియాలను నిజముగనే చంపినది, లెక్క ఫలించినది. కాని మూలమగు సెమినల్ ప్లాస్మినునకు లేని దుర్గుణ మొకటి దానికి పట్టినది: అది ఎఱ్ఱ రక్తకణములను కూడ పగులగొట్టినది. శత్రుసంహారమునకు వలయు గుణమును లెక్క చూపినది గాని, మిత్రరక్షణకు వలయు గుణము మిగిలిన 34 అమైనో ఆమ్లములలో దాగియున్నదని లెక్క చెప్పలేదు, రక్తకణములే చెప్పినవి. తరువాతి మూడు దశాబ్దముల గణన పరిశోధన యంతయు ఈ రెండు గుణములను విడదీయుటకై చేయుచున్న ప్రయత్నమే యని నా యభిప్రాయము.

ఆ ప్రయత్నమునకు పునాదియు మన దక్షిణాపథముననే పడినది. 1963లో మద్రాసు విశ్వవిద్యాలయమున జి. ఎన్. రామచంద్రన్, సి. రామకృష్ణన్, వి. శశిశేఖరన్ గారలు పెప్టైడు గొలుసు ఏయే కోణములలో వంగగలదో, ఏయే కోణములలో పరమాణువులు ఒండొంటిని త్రోసికొని వంగలేవో లెక్కించి ఒక పటమును గీచిరి. నేటికిని లోకమున ఏ ప్రోటీను ఆకృతి ప్రకటింపబడినను రామచంద్రన్ పటముతో సరిచూచుట ఆచారము. ఆకృతులకు హద్దులు తెలిసినను, గొలుసుల సంఖ్యకు హద్దు లేదు. ప్రకృతి వాడు అమైనో ఆమ్లములు 20. హైదరాబాదు ముక్కవలె 13 పూసలు గల గొలుసులను ఎన్ని విధముల కూర్పవచ్చునని గుణించినచో సుమారు 82 వేల లక్షల కోట్లు వచ్చును. వాని నన్నిటిని నిర్మించి పరీక్షించుట మానవసాధ్యము కాదు. డగ్గరు మట్టిని పరీక్షించినట్లు ఒక్కొక్కదానిని పరీక్షించు మార్గము ఇచ్చట మూసికొనిపోవుటచే గణకయంత్రము అనివార్యమైనది.

ఆ యంత్రము చేయు పని స్థూలముగా మూడు విధములు. మొదటిది పూర్వానుభవము నుండి నేర్చుకొనుట. 2004లో అమెరికాలోని నెబ్రాస్కా వైద్య విశ్వవిద్యాలయమువారు తెలిసిన పెప్టైడులను ఒక కోశముగా సమకూర్చిరి. మనదేశములో చండీగఢ్ సూక్ష్మజీవ సాంకేతిక సంస్థనుండి 2007లో బాక్టీరియా నాశక పెప్టైడులను ఊహించి చెప్పు సాధనమొకటి వెలువడగా, ముంబయి జాతీయ ప్రజనన ఆరోగ్య పరిశోధన సంస్థవారు 2010లో 'క్యాంప్' అను కోశమును ప్రకటించిరి. ఆవేశమెంత, కొవ్వు పక్షపాతమెంత, రెండు వైపుల భేదమెంత, ఏ అమైనో ఆమ్లము ఏ ప్రక్కన నున్నది అను లక్షణములను ఈ కోశములనుండి గ్రహించి, క్రొత్త గొలుసును చూపినప్పుడు అది పనిచేయు సంభావ్యతను యంత్రము చెప్పును. మన ఇండ్లలో చేట ఎట్లు గింజను పండింపక పొల్లును మాత్రము చెరిగివేయునో, ఈ యంత్రమును అట్లే. చెరుగుటకు తెచ్చిన రాశిలో మేలిగింజలు లేనిచో అది చేయగలది శూన్యము.

రెండవది అనుకరణము. కణపు పొరను, దానిని చుట్టిన నీటిని, లవణములను, పెప్టైడును పరమాణువుల లెక్కన యంత్రములో నిర్మించి, న్యూటను సూత్రముల ననుసరించి వానిని కదలనిచ్చుట. ఒక్కొక్క అడుగు సెకనులో వెయ్యి లక్షల కోట్ల భాగములకు రెండు భాగములు మాత్రమే యగుటచే, సెకనులో పదిలక్షవ వంతు కాలమును చూచుటకే 50 కోట్ల అడుగులు వేయవలయును. అయినను పెప్టైడు పొరపై ఎట్లు వ్రాలినది, ఏ పూస మొదట దిగబడినది, నీరు ఏ సందున లోనికి జొచ్చినది అను, ఏ సూక్ష్మదర్శినికిని చిక్కని వివరములు ఇందు కనబడును. మూడవది నూతన సృష్టి. 2021లో ఐ.బి.ఎం. శాస్త్రజ్ఞులు యంత్రముచేతనే క్రొత్త గొలుసులను కల్పింపజేసి, అనుకరణముతో వడపోసి, 20 పెప్టైడులను 48 దినములలో నిర్మించి పరీక్షింపగా, అందు రెండు బలముగా పనిచేసినవి. పూర్వము ఏండ్లు పట్టు పని రెండు మాసములలోపున తీరినదని సంతోషింపవలసినదే. ఇరువదిలో పదునెనిమిది నిలువలేదను సంగతిని మరువరాదు.

ఇంతవరకు సూక్ష్మజీవులను చంపుట గూర్చి చెప్పితిని. గాయము మానుట వేరు విషయము, మిక్కిలి జటిలమైనది. రక్తము గడ్డకట్టుట, వాపు, క్రొత్త కండ పట్టుట, మచ్చ గట్టిపడుట అను దశలు ఒకదానివెంట నొకటి, కొంత ఒకదానిపై నొకటి, నడుచును. మన చర్మకణములును తెల్లకణములును చేయు ఎల్‌ఎల్-37 అను పెప్టైడు, 37 అమైనో ఆమ్లములు గలది, బాక్టీరియాలను చంపుటయే గాక, చర్మకణములను గాయపు అంచునుండి లోపలికి ప్రాకింపజేయును, క్రొత్త రక్తనాళములను మొలిపించును. మానుచున్న గాయములలో నిది సమృద్ధిగా నుండి, మానని పుండ్ల అంచున లోపించుచున్నదని 2003లో స్వీడను పరిశోధకులు చూపిరి. అట్లయినచో పుండుపై దీనిని దండిగా పూసిన చాలునా? కాళ్ల సిరల పుండ్లపై జరిపిన యొక పరీక్ష 2014లో ప్రకటింపబడినది. అందు తక్కువ మోతాదులు రెండును పుండును త్వరగా మాన్పగా, అన్నిటికంటె హెచ్చు మోతాదు మందు లేని పూతకంటె మేలు చేయలేదు. సొరియాసిస్ వంటి చర్మవ్యాధులలో ఇదే పెప్టైడు మితిమీరి యుండుట కూడ వైద్యులు ఎరుగుదురు.

బాక్టీరియాను ఆపుటకు ఎంత మందు కావలెనో ఒక్క అంకెలో చెప్పవచ్చును. యంత్రము ఆ అంకెను నేర్చుకొనగలదు. మానుట యనునది ఒక్క అంకె కాదు. అది కాలములో విస్తరించిన ప్రక్రియ, మోతాదుననుసరించి దిశ మార్చుకొనునది, రోగి చక్కెర ననుసరించి, రక్తప్రసారము ననుసరించి భిన్నమగునది. మరియు గాయమునందలి ఎంజైములు పెప్టైడును ముక్కలు చేయును. లవణములు, రక్తపు ప్రోటీనులు దానిని బంధించి నిర్వీర్యము చేయును. గాజుపళ్లెములో పులియైనది పుండులో పిల్లియగుటకు కారణములివి. మగైనిను ననుసరించి నిర్మింపబడిన పెక్సిగనాను అను లేపనము మధుమేహ పాదవ్రణములకై పరీక్షింపబడి 1999లో అమెరికా ప్రభుత్వపు అనుమతి పొందజాలకపోయెను. మరల 2016లో పెద్ద పరీక్షలలో మందు లేని లేపనముకంటె మెరుగని చూపలేకపోయెను. పెప్టైడులకు బాక్టీరియాలు అలవడవను గర్వమును చెల్లదు. కొలిస్టిను అను పాత పెప్టైడు మందునకు లొంగకుండు శక్తిని ఒక బాక్టీరియానుండి వేరొకదానికి అందించు జన్యువు 2015లో చైనాలో బయల్పడినది. పశువులకు, కోళ్లకు కొలిస్టిను మేపుటను మన ప్రభుత్వము 2019లో నిషేధించినది.

ఈ వైఫల్యములను చెప్పి నిరుత్సాహపరచుట నా యుద్దేశము కాదు. సుబ్బారావుగారి జీవితములోని యొక ఘట్టమే దీనికి సమాధానము. ఆయన బృందము ఫోలిక్ ఆమ్లమును, దాని బంధువులను సంశ్లేషించి, బోస్టనులోని సిడ్నీ ఫార్బరునకు పంపినది. ఫార్బరు వానిని రక్తపు క్యాన్సరు గల పిల్లలకు ఈయగా వ్యాధి తగ్గుటకు మారుగా హెచ్చినట్లు తోచినది. ఆ ప్రతికూల ఫలితమును ఆయన మరుగుపరుపలేదు. ఫోలిక్ ఆమ్లము వ్యాధిని పెంచినచో, ఫోలిక్ ఆమ్లమునకు శత్రువైన అణువు దానిని తగ్గింపవలయును గదా యను తర్కముతో సుబ్బారావుగారి బృందము అమినోప్టెరినును పంపినది. 1948లో ఫార్బరు ప్రకటించిన తాత్కాలిక ఉపశమనములు క్యాన్సరు ఔషధచికిత్సకు శ్రీకారము చుట్టినవి. ఓటమి వ్రాయబడకున్నచో ఆ విజయము పుట్టెడిది కాదు.

నేటి గణనశాస్త్రమునకు గల ప్రధానలోపము సరిగా ఇచ్చటనే యున్నది. యంత్రమునకు పనిచేయు పెప్టైడులు వేలకొలది చూపుదుము. పనిచేయనివి చూపవలసి వచ్చినప్పుడు, ఎవరును పరీక్షింపని ప్రోటీను ముక్కలను తెచ్చి ఇవి పనికిరానివని తలపోసి చూపుదుము. నిజముగా పరీక్షింపబడి ఓడినవి ప్రయోగశాలల నోటుపుస్తకములలో నిద్రించుచున్నవి, ఓటమిని అచ్చువేయు పత్రికలు అరుదగుటచే. గాయము మానుట విషయమున ఈ కొరత మరింత తీవ్రము.

కావున యువమిత్రులకు నా విన్నపము. ఈ పట్టణమున సాధనములకు లోపము లేదు. 1985లో పార్లమెంటు శాసనముచే ఏర్పడిన పాండిచ్చేరి విశ్వవిద్యాలయము, అందు జీవసమాచార శాస్త్ర విభాగము, కాలాపేటలో నున్నవి. గోరిమేడులో పెద్దాసుపత్రి యున్నది. నలుగురిలో నొకరికి మధుమేహము గల ప్రజలు నడుమనున్నారు. యంత్రముముందు కూర్చుండు విద్యార్థి వారమున కొకమారైన కట్టు కట్టు గదిలో నిలిచి పుండును చూడవలయును. కట్టు కట్టు వైద్యుడు తన పుండ్లలోని బాక్టీరియాల వివరములను, మానుటకు పట్టిన కాలమును, యంత్రము చదువగల రీతిలో వ్రాసిపెట్టవలయును. మీరు నిర్మించిన పెప్టైడు పనిచేసినచో ప్రకటింపుడని మీకు ఎవరును చెప్పనక్కరలేదు. పనిచేయనప్పుడును, దాని గొలుసును, మోతాదును, ఓడిన తీరును అందరికిని తెలియునట్లు ప్రకటింపుడు. సుబ్బారావుగారి పేర మనము చేయదగిన స్మారకము ఇంతకంటె వేరొకటి లేదు.